చిన్నారావు వెనకాల అంబులెన్స్

ఆ ఆదివారం పొద్దున చిన్నారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారకముందే లేవాలి, ఎవరి కంటా పడకుండా టెక్కలి చేరాలి, అక్కడినుంచి ఊళ్ళు చుట్టుకుంటూ భావనపాడు సముద్రం దాకా ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి, మెడలో పతకం వేయించుకుని మధ్యాహ్నం భోజనం వేళకి కాశీబుగ్గలో ఇంటికొచ్చి పడాలి. భార్య గౌరి ముందురోజే పుట్టింటికి వెళ్ళింది. ఆవిడతో తాను ఫ్యాక్టరీ పని మీద విశాఖపట్నం వెళుతున్నానని చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేరు కనుక లైటు వేసుకుని మరీ బూట్లు కట్టుకున్నాడు. ఇన్ని నెలల్లో ఆ బూట్లు ఆ ఇంట్లో వెలుతురు చూడటం అదే మొదటిసారి.

చిన్నారావు జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పప్పు ఏరే ఆడవాళ్ళ ఎదుట కుర్చీ వేసుకుని కూర్చోవడమే ఉద్యోగం కావడంతో, నలభై దాటేసరికి మనిషి కూడా కుర్చీ ఆకారంలోకి వచ్చేశాడు. వానాకాలంలో ఓ రోజు కదులుతున్న బస్సు వెనక పరుగెత్తాడు. కండక్టరు జాలిపడి బస్సు ఆపాడు గానీ, ఎక్కిన చిన్నారావుకి ఎక్కడికి టికెట్టు కావాలో చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఆ సంగతి ఫ్యాక్టరీలో కంప్యూటరు దగ్గర కూర్చునే అజయ్‌తో చెప్పుకుని నవ్వాడు. అజయ్ నవ్వలేదు.

"హాఫ్ మారథాన్ పెడతన్నారు సార్ మన టెక్కలిలో. పేరిచ్చీండి. గెలవక్కర్లేదు, అనుబవం కోసం ఒక్కసారి పరిగెట్టాలి" అన్నాడు.

అనుభవం అనే మాట చిన్నారావుకి గుచ్చుకుంది. పెళ్ళి, ఉద్యోగం, హాస్టల్లో పిల్ల చదువు, అన్నీ వాటంతటవి జరిగిపోయినవే తప్ప, తాను కావాలని కోరి తెచ్చుకున్న అనుభవం ఒక్కటీ లేదని అప్పుడే తట్టింది. పేరిచ్చేశాడు. అయితే ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. అంతకుముందోసారి యోగా మొదలుపెడుతున్నానని ముందే చాటుకుంటే, వీధి వీధంతా "ఏటి సూపర్‌వైజరుగారూ, తలకిందులుగా ఎప్పుడు నిలబడతారు?" అని అడిగి అడిగి యోగా మాన్పించారు. ఈసారి ముందు పరుగెత్తి, పతకం చూపించి, తర్వాత చెబుదామని నిశ్చయించుకున్నాడు. ముఖ్యంగా గౌరికి.

రహస్యంగా పరుగెత్తడం, పరుగెత్తడం కంటే కష్టమని అతనికి త్వరలోనే తెలిసింది. పాల ప్యాకెట్ కోసమని బయలుదేరేవాడు. వెళ్ళిన మనిషి చాలాసేపటికి చెమటతో తడిసి ముద్దయి వచ్చేవాడు. ఒక్కోరోజు పాలు మరిచిపోయి వచ్చేవాడు. నీళ్ళు బాగా తాగాలని అజయ్ చెప్పాడని పొద్దస్తమానం సీసా ఎత్తి గటగటా తాగేవాడు. ప్యాంట్లు వదులైపోయాయి. ఎండకి మొహం నల్లబడింది. చివరికి, నలభై దాటినవాళ్ళు రక్తపరీక్షలు చేయించుకుని డాక్టరు సరేనంటేనే పరుగుకి రావాలని నిర్వాహకులు చెబితే, కాశీబుగ్గలో ల్యాబుకి వెళ్ళాడు. మోచెయ్యి మడిచి దూది అదిమి పట్టుకుని ల్యాబు మెట్లు దిగుతూ ఎదురింటి కళ్యాణి కంటపడ్డాడు. చిన్నారావు గాభరాపడి నవ్వాడు. కళ్యాణికి ఆ నవ్వే అనుమానం తెప్పించింది. ఆ సాయంత్రమే గౌరి చెవిన వేసింది.

ఇంటింటా కిడ్నీ జబ్బుండే ఉద్దానంలో పుట్టిన మనిషికి, రక్తపరీక్షలో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ పెళ్ళి పందిట్లో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు సైతం ఆ అంకె అడిగి తెలుసుకుంటారు. గౌరిది ఉద్దానం. ఆవిడ తండ్రి ఆ జబ్బుతోనే పోయాడు. పోయేదాకా "నాకేటీ నేదే అమ్మా" అంటూనే ఉన్నాడు. అందుకే గౌరి మొగుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే ఆయన కూడా అదే మాట అంటాడని, ఆ మాట ఇంకోసారి వినే ధైర్యం తనకు లేదని ఆవిడకి తెలుసు. నోరు మూసుకుని కూరల్లో ఉప్పు మానేసింది.

చిన్నారావు మాత్రం గౌరికి ఆరోగ్యం మీద శ్రద్ధ కలిగిందని మురిసిపోయాడు. ఉప్పు లేక, చెమట పోయి, పిక్కలు పట్టేసి మూలుగుతుంటే ఆవిడ పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తేది. ఒత్తుతూ ముక్కు ఎగబీల్చేది.

"జలుబు సేసిందేటి?" అని అడిగేవాడు చిన్నారావు.

"ఊఁ" అనేది గౌరి.

ఈ పరిస్థితిలో ఆదివారం విశాఖపట్నం ప్రయాణమని చెప్పేసరికి గౌరికి అనుమానం రూఢి అయిపోయింది. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. సెలవు రోజున ఏం పని? పెద్దాసుపత్రిలో చేరడానికే వెళుతున్నాడు, తన దగ్గర దాచిపెడుతున్నాడు. ఇంక ఆగలేక శనివారమే బస్సెక్కి సీతన్నపేటలో తమ్ముడు కామేశ్ ఇంట్లో వాలింది.

కామేశ్ కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. మంచివాడే. కాకపోతే కన్నీళ్ళు చూస్తే తానేం మాట్లాడుతున్నాడో తనకే తెలియదు. "మీ బావకి నాన్న జబ్బే వచ్చింద్రా" అని అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకునేసరికి, అరుగు మీద నలుగురూ చూస్తుండగా గుండె మీద చరుచుకున్నాడు.

"ఎందుకేడుత్తావు అప్పా? నాను సచ్చిపోనేదు కదా! దేవుడు నాకు రెండిచ్చినాడు. ఒకటి బావకిచ్చేత్తాను. మాటంటే మాటే!"

అరుగు మీదున్న పైడయ్య లేచి వచ్చి అతని భుజం తట్టాడు. పైడయ్య ఊరికి పెద్ద, గౌరికి చిన్నాన్న వరస. "తమ్ముడంటే నువ్వురా" అన్నాడు. కామేశ్ పెళ్ళాం రజని మాత్రం చివాల్న లేచింది. లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లో గిన్నెలు గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. పొగడ్తల సందడి తగ్గాక కామేశ్‌కి అన్నం సయించలేదు. నడుం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుంటూ, కుడిదా ఎడమదా, ఏది తీస్తారో అని దిగులుగా ఆలోచించుకున్నాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అది అతని గొప్పతనమే. ఈలోగా చిన్నారావు జబ్బు, విశాఖపట్నం ఆసుపత్రి, బావమరిది త్యాగం, మూడూ కలిసి సీతన్నపేటలో గడప గడపకీ చేరిపోయాయి.

ఇవేవీ తెలియని చిన్నారావు తెల్లవారుతూనే టెక్కలిలో అజయ్ పక్కన నిక్కరూ బనీనూ వేసుకుని చలికి వణుకుతూ నిలబడ్డాడు. ఛాతీ మీద పెద్ద అంకెల నంబరు కాయితం పిన్నీసులతో గుచ్చి ఉంది. అప్పుడు మైకులో ప్రకటన వచ్చింది. దారిలో కల్వర్టు తవ్వేశారట. అందుచేత పరుగు సీతన్నపేట నడివీధి మీదుగా వెళుతుందట.

చిన్నారావు అజయ్ చెయ్యి పట్టుకున్నాడు. "అజయ్, అది మా అత్తోరి ఊరు! గౌరి కూడా అక్కడే ఉంది!"

"అయితే ఏటి సార్?"

"అత్తోరి ఊళ్ళో నిక్కరేటి బాబూ! పెళ్ళయిన కాడినుంచి ఆ ఊళ్ళో నా పిక్కలు ఎవులూ సూణ్ణేదు."

"స్పీడుగా దాటేత్తే ఎవరు సూత్తారు సార్?"

"నాకు స్పీడేటుంది?" అని చిన్నారావు అడుగుతుండగానే ఈల మోగింది. అందరూ పరుగెత్తారు. వాళ్ళతోపాటు అతనూ పరుగెత్తాడు. అజయ్ కొంతదూరం పక్కన ఉండి, "ముందు కలుద్దాం సార్" అని చెప్పి మాయమయ్యాడు.

ఆ చుట్టుపక్కల ఒక మర్యాద ఉంది. తెలిసినవాడు రోడ్డు మీద కాలినడకన పోతుంటే బండి ఆపి ఎక్కించుకోకుండా వెళ్ళడం పెద్ద తప్పు. అలాంటిది పరుగెత్తుతూ పోతుంటే ఇంకేమైనా ఉందా? కొబ్బరి లోడు వ్యాను ఒకటి ఆగింది. "ఎక్కండి బాబూ, అంత తొందరేటి?" ఎక్కనన్నాడు. పాలవాడు ఆగాడు. వద్దన్నాడు. జీడిపిక్కల వ్యాపారి ఒకాయన, ఫ్యాక్టరీకి సరుకు తెచ్చేవాడు, మోటారు సైకిలు పక్కనే నడుపుతూ చాలాదూరం బతిమాలాడు. వినకపోయేసరికి మొహం ముడుచుకుని "పోన్లెండి, పెద్దోళ్ళు. మా బండెక్కితే పరువు తక్కువ" అని విసురుగా వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరికి సంజాయిషీ చెప్పుకోవడానికి ఆగి ఆగి, నౌపడ ఉప్పుమడుల దగ్గరికి వచ్చేసరికి చిన్నారావు అందరికంటే ఆఖరివాడయ్యాడు.

పరుగులో ఆఖరివాడి వెనక అంబులెన్స్ రావడం రివాజు. తెల్లటి అంబులెన్స్ ఒకటి, నెత్తిన ఎర్రదీపం తిప్పుకుంటూ, ఎద్దుబండి వేగంతో అతని వెనకే రాసాగింది. ముందు సీట్లోంచి నర్సు ఝాన్సీలక్ష్మి తల బయటపెట్టి, "కంగారు పడకండి సార్. మెల్లగా రండి. మీ వెనకాలే మేముంతాం" అంది.

ఆ మాట మొదట ధైర్యంగా అనిపించింది. కొంతదూరం పోయాక బెదిరింపులా వినిపించింది. "పతకం సంగతేటి, నాకిస్తారా?" అని రొప్పుతూ అడిగాడు.

"బండెక్కకుండా మీ కాళ్ళతో మీరొస్తే ఇస్తారు సార్. ఎక్కితే మటుకు పేరు కొట్టేస్తారు."

పేరు కొట్టించుకోవడానికి ఇన్ని నెలలు పాల ప్యాకెట్ల వంకతో పరుగెత్తలేదు చిన్నారావు. పిక్కలు లాగేస్తున్నా పళ్ళు బిగించి, జీడితోటలు దాటి, కొబ్బరితోటల నీడలోకి వచ్చాడు. ఎదురుగా సీతన్నపేట.

అప్పటికి చాలాసేపటి క్రితమే మిగతావాళ్ళంతా ఆ వీధిలోంచి పరుగెత్తి వెళ్ళిపోయారు. మిలట్రీ సెలక్షన్లకని కుర్రాళ్ళు ఆ రోడ్ల మీద రోజూ పరుగెత్తుతూనే ఉంటారు కనుక ఊళ్ళో ఎవరూ తలెత్తి చూడలేదు. కానీ ఇప్పుడు వస్తున్నవాడు మిలట్రీకి పనికొచ్చే ఆకారం కాదు. ఊరి అల్లుడు. ఒంటిమీద నిక్కరు, బనీను. ఛాతీ మీద నంబరు. వెనక దీపం తిప్పుకుంటూ అంబులెన్స్. టీ బడ్డీ దగ్గర గ్లాసు పట్టుకున్న పైడయ్యకి విషయం క్షణంలో అర్థమైపోయింది.

"ఓరి నాయనో! మనల్లుడు ఆపరేషనుకి బయపడి ఆస్పత్రి బండిలోంచి దూకేసినాడ్రా! సూడండి, పేషెంటు నంబరు కూడా తియ్యనేదు! ఒరే, పట్టుకోండ్రా!"

పిక్కలు అత్తవారి కంట పడుతున్నాయన్న సిగ్గుతో చిన్నారావు తల దించుకుని వేగం పెంచాడు. అతను వేగం పెంచేసరికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. చీపురుకట్టలతో ఉన్న ఆడవాళ్ళు, పుల్లలతో పళ్ళు తోముకుంటున్న మగవాళ్ళు, అందరూ వెంటపడ్డారు. అరుపులు విని కామేశ్ లుంగీ ఎగ్గట్టి ఇంట్లోంచి దూకాడు. బావని ఆ వేషంలో చూడగానే అతని కళ్ళు నిండిపోయాయి.

"బావా! పారిపోకు బావా! నానిత్తానన్నాను కదా!"

"ఏటిత్తావురా?" అని వెనక్కి తిరక్కుండానే అరిచాడు చిన్నారావు.

"కిడ్నీ!"

పొద్దున్నే, నడివీధిలో, బావమరిది లుంగీ ఎగ్గట్టుకుని కిడ్నీ ఇస్తానంటూ తరుముతుంటే ఎవరికైనా భయం వేస్తుంది. చిన్నారావు ఆ రోజు మొత్తంలో అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. కామేశ్ కూడా జన్మలో అంత వేగంగా పరుగెత్తి ఎరగడు. ఊరి చివర అందుకుని బనీను దొరకబుచ్చుకున్నాడు. నంబరు కాయితం పిన్నీసులతో సహా ఊడి అతని చేతిలోకి వచ్చింది. ఇద్దరూ రోడ్డు పక్క ఇసకలో పడ్డారు.

ఊరంతా వచ్చి చిన్నారావుని తలా ఒక చోట పట్టుకుని అంబులెన్స్ దగ్గరికి మోసుకెళ్ళారు. అతను రెండు చేతులతో అంబులెన్స్ తలుపు పట్టుకుని, పాదాలు బంపరుకి తన్నిపెట్టి లోపలికి పోకుండా బిగుసుకున్నాడు.

"ఎక్కించొద్దు! ఎక్కితే నా పేరు కొట్టేత్తారు! నాకేటీ నేదు!"

"ఏటీ నేదనే అంతారు అందరూ" అంది జనంలో ఒకావిడ, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

ఝాన్సీలక్ష్మి బండి దిగి నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఆయన పేషెంటు కాదండీ బాబూ! పరుగు పందెంలో పరిగెడతన్నారు!"

పైడయ్య ఆవిడకేసి జాలిగా చూశాడు. "తప్పునేదమ్మా. పేషెంటుకి దైర్నం సెప్పడానికి అలాగే అనాలి. కానీ మా అల్లుడికి పందేలేటి? పొట్ట సూడు, ఒయసు సూడు. పందెమైతే మిగతావోళ్ళు ఏరీ?"

"ముందెల్లిపోయారండీ!"

"అందరూ ముందెల్లిపోతే, ఒక్కడి కోసం బండేసుకుని తిరుగుతున్నారేటి మీరు?"

సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ గౌరి వచ్చింది. ఆవిడ్ని చూసి అందరూ చేతులు వదిలేశారు. చిన్నారావు మాత్రం తలుపు వదల్లేదు. గౌరి మామూలుగా మొగుణ్ణి మీరు అంటుంది. కోపం వస్తే నువ్వు అంటుంది. ఆ రోజు ఏదనాలో కూడా తేల్చుకోలేకపోయింది.

"ఎందుకు దాసినారు నాకాడ? మా నాన్న కూడా ఇలాగే దాసినాడు. ఏటీ నేదు, ఏటీ నేదని సెప్పీ సెప్పీ ఎల్లిపోనాడు. నువ్వు కూడా అలాగే ఎల్లిపోదామనుకున్నావా? నానేటయిపోవాలి?"

చిన్నారావు అప్పుడు తలుపు వదిలేశాడు. పతకం సంగతి మరిచిపోయాడు. "ఎవులెల్లిపోతారే? నాను పరిగెడతన్నాను. అంతే."

"ల్యాబుకి ఎందుకెల్లినారు?"

"డాక్టరు సరేనంటే గానీ పరిగెట్టనివ్వరు. అందుకు."

"ఆ నీళ్ళేటి? ఆ సెమటలేటి? కాళ్ళ నొప్పులేటి?"

"పరిగెడితే దాహమేత్తాది, సెమటడతాది, కాళ్ళు నొప్పెడతాయి. ఉప్పు మటుకు నాను మాన్నేదు, నువ్వే మాన్పించినావు!"

"విశాకపట్నం?"

"అబద్దం" అన్నాడు చిన్నారావు తల దించుకుని. "పతకం తెచ్చి సెబుదామనుకున్నాను. ముందే సెబితే నవ్వుతావని."

గౌరి అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. చివరికి ఆ ఊళ్ళో ఎవరైనా అడగవలసిన ప్రశ్నే అడిగింది.

"క్రియాటినిన్ ఎంత?"

"పాయింట్ తొమ్మిది."

"నా మీదొట్టు?"

"నీ మీదొట్టు. పాయింట్ తొమ్మిది."

"నిజమేనమ్మా" అంది ఝాన్సీలక్ష్మి. "మా డాక్టరుగారే సూసినారు. తేడాగా ఉంటే అసలు నంబరే ఇవ్వరు."

వేరే ఊళ్ళో అయితే ఆ అంకె ఎవరికీ అర్థమయ్యేది కాదు. సీతన్నపేటలో దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. జనమంతా ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలారు. "పాయింట్ తొమ్మిదా!" అన్నాడు పైడయ్య. "ఈ ఊళ్ళో ఆ లెక్కున్నోడు పందేనికి ఎల్లాల్సిందే!" ముసలాయన గొంతులో ఆనందం తప్ప ఇంకేమీ లేదు. గౌరి అక్కడే రోడ్డు మీద కూలబడి, ఇన్నాళ్ళూ జలుబు పేరుతో దిగమింగుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. మధ్యలో నవ్వింది. మళ్ళీ ఏడ్చింది. చిన్నారావు పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అతని కళ్ళూ తడిశాయి. తనకోసం ఒక మనిషి ఇంత భయపడగలదని తెలియడం కూడా అతనికి కొత్త అనుభవమే.

"పద, ఇంటికెల్లిపోదాం" అన్నాడు. "ఇంక పరుగేటొద్దు. కాళ్ళు రావటం నేదు."

గౌరి టక్కున ఏడుపు ఆపింది. "ఏటీ? నన్నిన్నాళ్ళు ఏడిపించి, ఊరందర్నీ ఏడిపించి, ఇప్పుడు మద్దిలో మానేత్తావా? లే! లేచి పరిగెట్టు!"

లేవబోతే పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. రజని అప్పటికే ఇంటికి పరుగెత్తి చెంబుతో వచ్చింది. అల్లుడు ఊళ్ళోకి వచ్చి ఏమీ పుచ్చుకోకుండా వెళ్ళడం ఆ ఊళ్ళో జరగని పని. "గెంజి అన్నయ్యా. ఉప్పు బాగా ఏసినాను. గౌరొదిన ఏమనుకున్నా సరే" అంది. చిన్నారావు చెంబు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. ఉప్పు ఇంత రుచిగా ఉంటుందని అంతకుముందెన్నడూ తెలియలేదు. కాసేపటికి కాళ్ళు అతని మాట వినడం మొదలుపెట్టాయి.

ఈ గొడవలో కామేశ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. అతను ఇసకలో పడినవాడు పడినట్టే వెల్లకిలా పడుకుని, నంబరు కాయితం గుప్పిట్లో పట్టుకుని, ఆకాశం చూస్తూ రొప్పుతున్నాడు. ఝాన్సీలక్ష్మి వెళ్ళి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి కంగారుపడింది. "ఈయన్ని అర్జంటుగా బండెక్కించండి" అంది.

దాంతో చిన్నారావు కోసం తెరిచిన తలుపులోంచి కామేశ్ లోపలికి వెళ్ళాడు. బెడ్ మీద పడుకుని, "బావకి నిజంగా ఏటీ నేదా?" అని నర్సుని అడిగాడు. లేదంది. నడుం వెనక తడుముకుంటూ "అయితే ఎవులికీ ఏటీ ఇవ్వక్కర్లేదు కదా?" అని అడిగాడు. అక్కర్లేదంది. అతని బీపీ ఆ క్షణంనుంచే దిగడం మొదలైందని ఝాన్సీలక్ష్మి తర్వాత చెప్పింది.

సీతన్నపేట నుంచి భావనపాడు దాకా చిన్నారావు ఒంటరిగా పరుగెత్తలేదు. రజని స్కూటీ నడుపుతుంటే గౌరి వెనక కూర్చుని, అతని పక్కపక్కనే వస్తూ దారి పొడుగునా తిట్టింది. పాల ప్యాకెట్ల గురించి తిట్టింది. విశాఖపట్నం గురించి తిట్టింది. నిక్కరు గురించి తిట్టింది. ఇన్నాళ్ళు లోపల అణిచిపెట్టుకున్న భయం అంతా తిట్లుగా బయటికొచ్చి పోతుంటే, వినేవాడికి ప్రాణం హాయిగా ఉంది. ఒగరుస్తూనే "ఊఁ, ఊఁ" అంటూ పరుగెత్తాడు. గౌరి తిట్లు ఆపిన ఒకటి రెండు చోట్ల అతని వేగం తగ్గింది కూడా.

భావనపాడు ఒడ్డున ఆ సమయానికి అన్నీ అయిపోయాయి. బహుమతులు ఇచ్చేశారు. షామియానా విప్పేశారు. ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు తమ స్థలం తమకు కావాలని నిర్వాహకుల్ని కేకలేస్తున్నారు. అయినా పరుగు ముగిసిందని ప్రకటించడానికి లేకుండాపోయింది, ఎందుకంటే అంబులెన్స్ ఇంకా రాలేదు. అంబులెన్స్ రాకపోతే ఆఖరివాడు ఇంకా దారిలో ఉన్నట్టు లెక్క. అజయ్ గోళ్ళు కొరుక్కుంటూ రోడ్డు వైపు చూస్తున్నాడు.

అంబులెన్స్ వచ్చింది. లోపల పేషెంటు, ఒడ్డున డాక్టరు ఉన్నారు కనుక ఈసారి అది చిన్నారావు కంటే ముందే, కాస్త వేగంగానే వచ్చింది. తలుపు తీస్తే లోపల చెమటతో తడిసిన మనిషి, గుప్పిట్లో పందెం నంబరు. నిర్వాహకుల గుండెలు కరిగిపోయాయి. "ఆఖరి వరకూ పోరాడిన వీరుడు!" అని మైకులో అరిచారు. ఎండుచేపల ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. లేచి కూర్చున్న కామేశ్ మెడలో పతకం పడింది.

"నాను కాదండీ" అన్నాడు కామేశ్ కంగారుగా. "నాను ఊరికే ఎనకాల పరిగెట్టినాను. అసలోడు ఎనకొత్తన్నాడు."

అందరూ రోడ్డు వైపు తిరిగారు. ఛాతీ మీద నంబరు లేకుండా, బనీను చిరిగి, ఇసక పూసుకుని, పక్కనే స్కూటీ మీదినుంచి తిట్లు తింటూ చిన్నారావు వచ్చాడు. వచ్చి, గీత దాటి, ఆగడం చేతకాక నాలుగడుగులు ముందుకుపోయి అజయ్‌ని వాటేసుకున్నాడు. మైకు పట్టుకున్నాయన కామేశ్ మెడలోంచి పతకం తియ్యబోతే గౌరి ఆపింది. తానే తీసి, మొగుడి మెడలో వేసి, అప్పుడు అందరి ముందూ అతని ఛాతీ మీద తల ఆనించి నిలబడింది. తిట్లన్నీ అయిపోయాయి. చిన్నారావుకి ఇరవై ఒక్క కిలోమీటర్ల అలసట అక్కడ తీరింది.

కాస్త స్థిమితపడ్డాక, బావమరిది ఎందుకు తరిమాడో, ఏమిస్తానన్నాడో గౌరి వివరంగా చెప్పింది. చిన్నారావు వెళ్ళి కామేశ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నిజంగా ఇచ్చేద్దువా రా నాకు?"

"అదేటి మాట బావా!" అన్నాడు కామేశ్. మొహం వెలిగిపోతోంది. "ఒకటేటి, అడిగితే రెండూ ఇచ్చేద్దును. నా మాటంటే మాటే. ఇప్పటికీ అదే మాట!"

ఆ మాట భావనపాడులో ఒకసారి అన్నాడు. సీతన్నపేటకి తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని ఇంకా గట్టిగా అన్నాడు. పైడయ్య మళ్ళీ భుజం తట్టాడు. వచ్చినవాళ్ళకల్లా కొబ్బరిబొండాలు కొట్టించి ఇస్తూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చీకటిపడేదాకా అదే చెప్పాడు. రజని బొండాలు అందిస్తూ విని ఊరుకుంది. వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యలేదు. కామేశ్ ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది, ఇస్తానన్నదీ ఎక్కడున్నది అక్కడే ఉంది.